నూరేళ్ళ చెట్టుకు చోటు

హోసూరు దగ్గరి ఒక పల్లెలో ఒక రైతు కుటుంబం కొత్త ఇల్లు కట్టుకొంది. పాత ఇల్లు ఊరి నడుమ ఇరుకు సందులో ఉండేది. కొత్త ఇల్లు ఊరి చివర, సొంత చేనికి ఆనుకొని ఉంది. స్థలం 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. ఇల్లు తూర్పు ముఖంగా కట్టారు. ముందు 18 అడుగుల వాకిలి, వెనుక 45 అడుగుల పెరడు మిగిలాయి. ఎక్కడా ఒక్క చెట్టు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటితే పడమటి గోడ కాగిన పెనంలా వేడెక్కేది. ఆ గోడ పక్క గదిలో అవ్వ పడుకోలేకపోయేది. గృహప్రవేశమైన వారం లోపలే ఇంట్లో చెట్టు మాట మొదలైంది.

"తురాయి పెడదాం నాయనా! మన పాత ఇంటి ముందర ఉన్నట్లే ఎర్రగా పూస్తుంది" అన్నాడు ఐదో తరగతి చదివే మనుమడు.

నాయన బదులు చెప్పలేదు. పాత ఇంటి ముందరి తురాయిని నాటినవాడు ఆయనే. తాను బడికి పోయే రోజుల్లో ఎక్కడినుంచో ఒక మొక్క తెచ్చి సందులో పాతాడు. ఐదారేళ్ళకే అది ఇంటి ఎత్తు పెరిగింది. వేసవి సెలవులు వచ్చేసరికి సందంతా ఎర్రబడేది. ముప్పై ఏళ్ళు దాటాక ఒక సాయంత్రం వచ్చిన గాలివానకు ఆ చెట్టు వేళ్ళతో సహా పెకలి పశువుల కొట్టం మీద పడింది. కట్టుకొయ్యకు ఉన్న దూడ తప్పించుకోలేకపోయింది.

తప్పు పూర్తిగా చెట్టుది కాదు. తురాయి మడగాస్కర్ దీవినుంచి మన దేశానికి వచ్చిన చెట్టు. త్వరగా పెరుగుతుంది, అందంగా పూస్తుంది. కాని దాని కొమ్మలు పెళుసు, వేళ్ళు పైపైనే పాకుతాయి. విశాలమైన మైదానంలో అయితే ఆ లోపం వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. సందులో మురుగు కాలువ తవ్వినప్పుడు దాని వేళ్ళను ఒక పక్కన పూర్తిగా నరికారు. కరెంటు తీగలకు తగులుతున్నాయని రెండో పక్క కొమ్మలు కొట్టివేశారు. కొమ్మల బరువంతా ఒకవైపు మిగిలింది. ఆ బరువును వెనక్కి లాగి పట్టుకోవలసిన వేళ్ళు లేకుండా పోయాయి. నాటిననాడు ఎవరూ కాలువ సంగతి, తీగల సంగతి ఆలోచించలేదు.

పూల మొక్క విషయంలో తప్పు చేస్తే మరుసటి ఏడు దిద్దుకోవచ్చు. చెట్టు విషయంలో చేసిన తప్పు ఇరవై ముప్పై ఏళ్ళకు గాని బయటపడదు. అప్పటికి గోడ పగులుతుంది, లేదా చెట్టును కొట్టివేయవలసి వస్తుంది. కనుక ఏ చెట్టు అని అడగడానికి ముందు ఎక్కడ అని అడగాలి.

ఈ పని ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే మనుమరాలు చేసింది. ఒక పొడవాటి తాడుకు అడుగడుగుకూ ముడి వేసి స్థలమంతా కొలిచింది. నోటు పుస్తకంలో పటం గీసింది. దక్షిణపు పక్క మరుగుదొడ్డి గుంత, ఉత్తరపు పక్క బోరు, నేల కింద నీళ్ళ తొట్టి, వీధిలో ఎదురు వరుసన కరెంటు స్తంభాలు, అన్నీ గుర్తు పెట్టింది. సాయంత్రపు ఎండ ఏ గోడమీద ఎంతసేపు పడుతుందో కూడా రాసింది. పటం చూస్తే సంగతి తేలిపోయింది. పెద్ద చెట్టుకు చోటు ఒక్కటే: పెరట్లో, పడమటి గోడకు 30 అడుగుల దూరాన. వాకిట్లో మధ్యరకం చెట్టు ఒకటి పడుతుంది, అంతే.

గోడకు దూరం ఎందుకు? చెట్టు ఎంత ఎత్తు పెరిగితే వేరు అంత లోతుకు దిగుతుందని చాలామంది అనుకొంటారు. మొదటి కొన్నేళ్ళు తల్లివేరు లోతుకు పోయే మాట నిజమే. ఆ తరువాత నీటిని, ఆహారాన్ని పీల్చే వేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడను దాటి కూడా పాకుతాయి. ఎక్కడ తేమ ఉంటే అక్కడ బలంగా పెరుగుతాయి. పగిలిన నీటి గొట్టం, కారే మురుగుగుంత వాటిని పిలిచినట్లే. పెద్ద చెట్టుకు 30 అడుగులు, మధ్యరకానికి 12 నుంచి 15 అడుగులు వదిలితే ఇంటికీ చెట్టుకూ పేచీ రాదు.

పెరటి చోటుకు అవ్వ మొదటినుంచీ వేపచెట్టే కోరింది. మెట్ట నేలలకు వేపను మించినది కనబడదు. వాన తక్కువైనా, నేల రాళ్ళతో నిండినా తట్టుకొంటుంది. నూరేళ్ళు సునాయాసంగా బతుకుతుంది. నూటయాభై, రెండువందల ఏళ్ళ చెట్లు కూడా ఉన్నాయి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చినా త్వరలోనే చిగురిస్తుంది కనుక ఎండలు ముదిరే నాటికి నీడ సిద్ధంగా ఉంటుంది. ఉగాది పచ్చడికి పువ్వు ఇంట్లోనే దొరుకుతుంది. పొరుగున ఉన్న కన్నడం వారు ఆనాడు బేవు బెల్లం పంచుకొనేదీ ఈ చెట్టు పేరనే. అయితే నీరు నిలిచే పల్లపు నేలలో వేప బాగుపడదు.

వేపకు జబ్బే రాదనుకోవడం కూడా పొరపాటు. 2021లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేపచెట్ల కొమ్మల చివరలు మాడి, ఊళ్ళకు ఊళ్ళే గోధుమరంగుకు తిరిగాయి. ఒక రకం శిలీంధ్రం, దానితోపాటు తేయాకు దోమ అనే పురుగు ఇందుకు కారణాలు. చెట్లు చచ్చిపోయాయని తొందరపడి కొన్నిచోట్ల కొట్టివేశారు. ఓపిక పట్టినచోట చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. ముదురు చెట్టుకు వేళ్ళలో, మానులో నిలవ ఉన్న బలం అది.

తాత మనసు మాత్రం చింతమీద ఉంది. చేని గట్టున ఆయన తాత కాలంనాటి చింతమాను ఒకటి ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. కొట్టేముందు రాలిన కాయలు ఏరి, గింజలు వేరు చేసి, తాత ఒక కుండలో దాచాడు. అవి ఎండినా చాలాకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకొంటాయి.

చింత పుట్టిల్లు ఆఫ్రికా ఖండం. మన దేశానికి వచ్చి ఎన్ని వేల ఏళ్ళయిందో గాని, అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమనే అర్థంలో పిలిచారు. ఇంగ్లీషువారి టామరిండ్ ఆ పిలుపునుంచి పుట్టినదే. చింత నిదానంగా పెరుగుతుంది. గింజ వేసిన చెట్టు కాపుకు రావడానికి ఏడు నుంచి పదేళ్ళు పడుతుంది. అంటుమొక్క అయితే మూడు నాలుగేళ్ళకే కాస్తుంది. కాని ఒకసారి పాతుకొన్న చింతను గాలి కూల్చడం అరుదు. దాని కొమ్మ వంగుతుంది గాని సులభంగా విరగదు.

ఆ బలం ఎంతటిదో హైదరాబాదు వారికి బాగా తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి మహా వరద వచ్చింది. వేలాది ఇళ్ళు కొట్టుకుపోయాయి, వేలమంది ప్రాణాలు కోల్పోయారు. నది ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఉండేది. చుట్టూ నీళ్ళు పెరుగుతుంటే జనం దాని కొమ్మలు పట్టుకొని పైకి ఎక్కారు. సుమారు 150 మంది ఆ చెట్టుమీదనే ఉండి ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును చూపుతారు. ఆ వరదలో గోడలు, మేడలు కూలాయి; చింతమాను నిలిచింది. అది ఆనాటికే ముదురు చెట్టు. ఎవరు నాటారో, ఎందుకు నాటారో ఎవరికీ తెలియదు.

బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్ళి దగ్గర నల్లూరు అనే ఊరుంది. అక్కడ యాభై ఎకరాలకు పైబడిన ఒక చింతతోపు ఉంది. మూడువందల దాకా ముసలి చెట్లున్నాయి. కొన్నిటి మానులు బోలుపడి, మెలితిరిగి శిల్పాల్లా కనిపిస్తాయి. 2007లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో అటువంటి గుర్తింపు పొందిన మొదటి స్థలం అదే.

"అయితే చింతే పెడదాం" అన్నాడు మనుమడు. తాతే తల అడ్డంగా ఆడించాడు. ముదిరిన చింత నలభై అడుగుల మేర కొమ్మలు చాస్తుంది. పెరట్లో వేప, చింత రెండూ పట్టవు. పైగా చింత నీడన ఇతర మొక్కలు సరిగా ఎదగవు. పెరట్లో అమ్మ కూరపాదులు పెట్టుకోవాలి. చింతచెట్టు కింద పడుకోరాదని పెద్దలు చెప్పే మాటకు దయ్యాల కథలు జోడించేవారు ఉన్నారు గాని, ఇంటి స్థలం చాలదన్న మాటకు ఏ కథా అక్కరలేదు.

దీర్ఘాయువు అనగానే గుర్తుకు వచ్చేవి మర్రి, రావి. వాటి ఆయువుకు సాటి లేదు. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల మేర పరచుకొని ఉంది. ప్రపంచంలో అన్నింటికన్నా విశాలమైన మర్రిగా 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అదే 1989లో చెన్నై అడయారు మర్రి అసలు మాను గాలివానకు ఒరిగిపోయింది. అయినా ఊడలు దిగి మానులై చెట్టును నిలబెట్టాయి. బెంగళూరు సమీపాన కేతోహళ్ళి దొడ్డ ఆలదమర కథా అంతే. మర్రి కొయ్య గట్టిది కాదు. అది బతికేది ఊడల బలంతో. ఒక కాలు పోతే పది కాళ్ళు దించుకోగల చెట్టుకు ఎకరాలు కావాలి. చెరువుగట్టు, సంతమైదానం, గుడి ముందరి ఖాళీ దానికి తగిన చోట్లు. పిట్ట రెట్టలో పడిన రావిగింజ మేడ గోడ పగులులో మొలిస్తే రెండాకుల దశలోనే తీసివేయాలి. పూజకు పనికి వస్తుందని వదిలితే కొద్ది ఏళ్ళలోనే గోడ రెండుగా చీలుతుంది.

ఇక వాకిలి చోటు. అమ్మకు పూలు కావాలి, కాని నీళ్ళతొట్టి నిండా ఆకు రాలే చెట్టు వద్దు. ఈ రెండిటికీ సరిపడేది పొగడ. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆకులు దట్టం, కొయ్య చాలా గట్టిది. చిన్న చిన్న నక్షత్రాల వంటి పువ్వులు తెల్లవారుజామున రాలుతాయి. వాటిని గుచ్చి దండ కడితే ఎండిన తరువాత కూడా వాసన పోదు. పొగడ నిదానంగా పెరుగుతుంది. ఆ నిదానమే దాని గుణం. పది పన్నెండేళ్ళు ఓపిక పడితే తరువాత రెండు మూడు తరాలు చూసుకోనక్కరలేదు.

మొక్క కోసం నాయన, మనుమరాలు హోసూరులో ఒక నర్సరీకి వెళ్ళారు. "పొగడ మొక్క ఉందా?" అని అడిగితే అమ్మేవాడు అర్థం కాక తెల్లబోయాడు. "అశోకం ఉంది, తీసుకోండి" అంటూ నిలువుగా పెరిగే ఒక మొక్కను చూపాడు. నిజానికి అది అశోకం కాదు, నరమామిడి. అసలు అశోకం నారింజరంగు గుత్తులుగా పూసే వేరే చెట్టు. అంతలో మనుమరాలికి ఊళ్ళో పక్కింటివారు అనే మాట గుర్తుకు వచ్చింది. "మగిళం ఉందా అన్నా?" అని తమిళంలో అడిగింది. అతడు నవ్వి లోపలినుంచి మోకాలెత్తు మొక్క ఒకటి తెచ్చాడు. దానినే కన్నడంలో రంజె అనీ బకుళ అనీ, మరాఠీలో బకుళ అనీ, ఒడియాలో బౌళ అనీ అంటారు.

తెలుగు మాట్లాడే పిల్లలు పలు రాష్ట్రాల్లో పెరుగుతున్నారు. ఇంట్లో ఒక పేరు, బజారులో మరొక పేరు వినబడుతుంది. బెంగళూరు వీధుల్లో నీడనిచ్చే హొంగె తెలుగువారి కానుగే. మహారాష్ట్రలో, ఒడిశాలో దానిని కరంజ అంటారు. మన చింత మరాఠీలో చించ, తమిళంలో పుళి, కన్నడంలో హుణసె. రెండు పేర్లూ తెలిసినవారు నర్సరీలో మోసపోరు, ఇంట్లో పాత పేరును పోగొట్టుకోరు.

ఒక ఊరికి తగిన చెట్టు మరొక ఊరికి తగదు. యానాం, గంజాం తీరాల్లో ఉప్పుగాలి, తుపాను రెండూ లెక్కలోకి వస్తాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నంలో వేలకొద్ది చెట్లను పెకలించింది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీకి ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. అటువంటి తీరానికి సహజంగా అలవాటుపడిన చెట్టు పొన్న. తమిళులు పున్నై అనేదీ, ఒడియావారు పొలాంగ అనేదీ ఇదే. మెరిసే దళసరి ఆకులు, తెల్లని పూలు, పడవలకు పనికివచ్చే కొయ్య దీనివి. ఇదీ పొగడవలె నిదానమే. నాందేడు వైపు నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి ఎండకు బీటలువారుతాయి కనుక అక్కడ గోడకు, చెట్టుకు మధ్య దూరం ఇంకా పెంచాలి. నీరు నిలిచే పల్లంలో నేరేడు బతుకుతుంది, అయితే దాని పండ్లు నేలంతా మరకలు చేస్తాయి. పర్లాకిమిడి చుట్టుపక్కల వాలు నేలల్లో పనస తరతరాలు కాస్తుంది. మామిడిలో గింజనుంచి వచ్చిన చెట్టు పెద్దదై ఎక్కువ కాలం ఉంటుంది. అంటుమామిడి చిన్నగా ఉండి త్వరగా కాస్తుంది.

పట్టణంలో 30 అడుగులు, 40 అడుగుల స్థలంలో ఇల్లు కట్టుకొన్నవారి మాటేమిటి? గోడకూ ప్రహరీకీ నడుమ మూడడుగులు మాత్రమే ఉంటే అక్కడ నూరేళ్ళ చెట్టును నాటరాదు. అది చెట్టుకు మేలు కాదు, ఇంటికీ మేలు కాదు. కరివేపాకు, పారిజాతం వంటివి అక్కడ చాలు. పెద్ద చెట్టు కావాలంటే బడి ఆవరణ, పార్కు, చెరువుగట్టు ఉన్నాయి.

హోసూరు ఇంటివారు వేసవిలోనే గుంతలు తవ్వారు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. పై మట్టిని ఒక పక్క, అడుగు మట్టిని మరొక పక్క పోశారు. నెల రోజులు గుంతకు ఎండ తగలనిచ్చారు. జూన్ వానలకు పై మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపి పొగడను నాటారు. ప్లాస్టిక్ సంచి పూర్తిగా తీసివేశారు. సంచిలో గుండ్రంగా చుట్టుకొన్న వేళ్ళను విడదీశారు. అలా విడదీయకపోతే అవి పెరిగి పెరిగి చెట్టు మొదలునే బిగిస్తాయి. గాలికి ఊగకుండా కర్ర పాతి వదులుగా కట్టారు. రోజూ చెంబెడు నీళ్ళు పోయడం మనుమడి ఉత్సాహం. తాత దానిని ఆపించాడు. వారానికి ఒకటి రెండుసార్లు గుంత నిండా పోస్తే తడి లోతుకు దిగుతుంది, వేరు దాని వెంట దిగుతుంది. చెంబెడు నీటికి అలవాటుపడిన వేరు పైనే ఉండిపోతుంది.

వేపకు మొక్క కొనలేదు. వేపపండ్లు రాలే రోజులు అవే. అవ్వ గుడి దగ్గరి చెట్టు కిందినుంచి పండ్లు ఏరి, గుజ్జు కడిగి, మూడు రోజుల్లోపలే నేరుగా గుంతలో వేసింది. వేపగింజ చింతగింజ వంటిది కాదు. రెండు మూడు వారాలు దాటితే చాలావరకు మొలవదు. ఐదు గింజలు వేస్తే మూడు మొలిచాయి. బలమైనది ఉంచి మిగిలినవి తీసేశారు. మొదటి వానాకాలం గడిచేసరికి అది జానెడు కూడా లేదు. పడమటి గోడకు నీడ రావడానికి ఇంకా ఎనిమిది పదేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఆ గోడకు తడకపందిరి వేసి బీరపాదు ఎక్కించారు.

కుండలోని చింతగింజలు మిగిలాయి. బడి వెనుక మైదానం మూల తీగలు లేవు, కాలువ లేదు, నలభై అడుగుల చోటు ఉంది. మనుమరాలు తాడుతో అదీ కొలిచింది. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని ఒక శనివారం తాత, పిల్లలు కలిసి గుంత తవ్వారు. గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి తెచ్చారు.

"తాతా, ఇది కాయాలంటే ఎన్నేండ్లు?" అని అడిగాడు మనుమడు.

"పదేండ్లు వేసుకో."

"అప్పటికి నేను ఈ బడిలో ఉండను కదా!"

"ఉండవు" అన్నాడు తాత. తడి గింజను చేతికిచ్చి, "అంగుళం లోతు చాలు. ఇంకా లోపలికి పెట్టొద్దు" అన్నాడు.

అభ్యాసం

1. పాత ఇంటి ముందరి తురాయి కూలడానికి కారణాలేమిటి? అందులో మనుషుల తప్పు ఎంత?
2. తాతకు చింత అంటే ఇష్టమైనా పెరట్లో ఎందుకు వద్దన్నాడు?
3. "ఆ నిదానమే దాని గుణం" – ఈ వాక్యం దేనిని గురించి చెప్పినది? వివరించండి.
4. మీ ఇంటి లేదా బడి స్థలాన్ని కొలిచి పటం గీయండి. పెద్ద చెట్టుకు తగిన చోటు గుర్తించండి. చోటు లేకపోతే ఎందుకు లేదో రాయండి.
5. మీ ఊరిలోని ఐదు చెట్లకు తెలుగు పేర్లు, మీ రాష్ట్రభాషలోని పేర్లు పెద్దల నడిగి పట్టికగా రాయండి.